నాన్నగారి చేతివ్రాత



మా తండ్రిగారు 2017 జనవరిలో, తన తొంభై మూడవ యేట ప్రభువునందు నిద్రించారు. ఆయన గురించి నాలుగు మాటలు వ్రాసి ఇమ్మని మా సంఘ కాపరిగారు అప్పుడే అడిగారు. ఇన్నేళ్లూ వ్రాయలేకపోయాను. ప్రార్థనాపరుడు, నీతిమంతుడు, మంచి ఉపాధ్యాయుడు అని వ్రాసి ఊరుకోవచ్చు. అవన్నీ నిజాలే. కాని ఆ మాటలు ప్రతి ఆదరణ కూడికలోనూ ప్రతివారి గురించీ అంటాము. మా నాన్నగారి బ్రతుకులో మా ఇంటిల్లిపాదినీ బాధపెట్టిన సంగతి ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మిగతాది చెబితే, అబద్ధమంటే గిట్టని ఆ మనిషికి నేను చేసే మర్యాద అదేనా అని నా మనసు ఒప్పుకోలేదు. ఈమధ్య మా అన్నయ్యే, "వ్రాయవే, దాచేదేముంది" అన్నాడు. అందుకని వ్రాస్తున్నాను.

మాది పల్నాడు. 2022లో ఆ పేరుతోనే జిల్లా ఏర్పడింది గాని, నాన్నగారు పుట్టిన 1924 నాటికి అది గుంటూరు జిల్లాలో ఒక మూల, వానదేవుడి దయ మీద బ్రతికే మెట్ట ప్రాంతం. నాపరాళ్లు, జొన్నచేలు, ఎండాకాలం వస్తే తాగే నీళ్లకు మైళ్ల నడక. ఫాదర్ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చి, ఆ తరువాత కొన్నేళ్లకు మా పల్నాటికి కూడా వచ్చి సువార్త చెప్పారు. ఆయన వేసిన విత్తనం ఎన్ని చేతులు దాటి మా తాతయ్య దాకా వచ్చిందో దేవునికే తెలియాలి. తాతయ్య ఒక రైతు దగ్గర పాలేరు. వేలిముద్ర తప్ప సంతకం ఎరుగడు. నాన్నగారికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి గొడ్లు కాయటానికి పంపాలి. ఆ యేడే తాతయ్య ఆయన్ని తీసుకుపోయి మిషను బోర్డింగులో చేర్చి వచ్చాడట. "నీ కొడుకు బడికి పోతే గొడ్ల వెంట ఎవడు పోతాడ్రా?" అని రైతు గద్దించాడు. "వాడి పని కూడా నేనే చేస్తానయ్యా" అన్నాడట తాతయ్య. అన్నట్టే చేశాడు. ఆరేళ్లపాటు ఇద్దరి చాకిరీ ఒక్కడే చేశాడు. మా ఇంట్లో చదువు అనేది అక్కడ మొదలైంది. ఈరోజు మా పిల్లల్లో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, ఒక మనుమడు కువైట్‌లో ఉన్నాడు. ఎవరికి ఉద్యోగం వచ్చినా నాన్నగారు ముందు తాతయ్య పేరెత్తి స్తోత్రం చెప్పేవారు.

బోర్డింగులో జొన్నసంకటి, పచ్చిపులుసు. ఒకటే చొక్కా, శనివారం ఉతుక్కుని అది ఆరేదాకా చెట్టుకింద కూర్చునేవారట. మొదటి క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో పుల్లతో తాతయ్య పేరు వ్రాసి, "అయ్యా, ఇది నువ్వే" అని చూపించారట. తాతయ్య చాలాసేపు చూసి, ఆ పేరు తొక్కకుండా పక్కగా నడిచి లోపలికి పోయాడు. నానమ్మను కూడా ఆ సాయంత్రం వాకిలి ఊడ్వనివ్వలేదు. ఈ సంగతి నాన్నగారు మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది.

1945లో మా ఊళ్లోనే మిషను ఎలిమెంటరీ బడిలో పంతులుగా చేరారు. నెలకు 18 రూపాయలు. బడికి వేరే కట్టడం లేదు. వారం రోజులు అది బడి, ఆదివారం అదే గుడి. శనివారం సాయంత్రం పిల్లలమంతా పేడనీళ్లు చల్లి అలికేవాళ్లం. వేపచెట్టు కొమ్మకు వేలాడదీసిన ఇనుప ముక్కే బడికీ గుడికీ గంట. జీతం ఒక్కోసారి రెండు నెలలకు గాని వచ్చేది కాదు. అలాంటప్పుడు కూడా అమ్మ అన్నం వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గుడి డబ్బాలో వేయటం మానలేదు. ఇంట్లో బియ్యమే లేని రోజు జొన్నలు వేసేది. ఆ రేకు డబ్బా ఇప్పుడు మా చిన్నక్క దగ్గర ఉంది.

ఊళ్లో బోర్డు బడికి పంతులు లేకుండా పోయిన కాలంలో ఒక తమాషా జరిగింది. 1950 ప్రాంతం. రైతుల పిల్లలు ఎన్నాళ్లని ఊరికే తిరుగుతారు? ఇద్దరు ముగ్గురు మా పల్లెలోని బడికి వచ్చారు. వచ్చారు గాని లోపలికి రాలేదు, వరండాలో నిలబడ్డారు. నాన్నగారు వాళ్లను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చేసిందల్లా ఒకటే. గొంతు తగ్గించి పాఠం చెప్పటం మొదలుపెట్టారు. మొదటిరోజు వాళ్లు గుమ్మం దగ్గరికి జరిగారు. వారం తిరిగేసరికి గుమ్మంలో కూర్చున్నారు. నెల గడిచాక వెనక వరుసలో చాపమీద ఉన్నారు. ఇళ్లల్లో గొడవ జరిగిందట. మళ్లీ వరండాలోకి పోయిన వాళ్లూ ఉన్నారు, మళ్లీ లోపలికి వచ్చిన వాళ్లూ ఉన్నారు. నాన్నగారు మాత్రం గొంతు పెంచలేదు. ఆ పిల్లల తండ్రులు చివరిదాకా ఆయన్ని "ఏమయ్యా పంతులూ" అనే పిలిచారు. ఆ పిల్లలు మాత్రం "పంతులుగారూ" అన్నారు.

ఆయన చేతివ్రాత సంగతి చెప్పాలి. గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు ఉండేది. 'ళ' అక్షరం తోకను కొంచెం పైకి తిప్పి వదిలేవారు. ముప్పై ఏడేళ్లు అదే ఊళ్లో పలకలు దిద్దించారు గనుక ఊరంతటికీ అదే వ్రాత వచ్చింది. నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే రోజుల్లో ఒకాయన తన మందుల చీటీ వెనక ఏదో వ్రాసుకుంటుంటే ఆ 'ళ' చూసి, "మీది మా ఊరాండీ?" అని అడిగాను. పాతికేళ్ల క్రితం వలస పోయిన కుటుంబం వాళ్లది. నాన్నగారి విద్యార్థే.

దెబ్బలు కూడా అలాగే గుర్తుండేవి లెండి. చింతబరిక ఎప్పుడూ కిటికీలో ఉండేది. ఆ కాలం అలాంటిది అని మేం సర్దిచెప్పినా నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. ఎనభై దాటాక ఒక క్రిస్మస్‌కు ఊరు వచ్చిన పాత విద్యార్థిని ఇంటికి పిలిపించుకుని, "నిన్ను అయిదో తరగతిలో రక్తం వచ్చేట్టు కొట్టానురా, నన్ను క్షమించు" అన్నారు. అతనికి మనుమలున్నారు అప్పటికి. "నాకు గుర్తే లేదు పంతులుగారూ" అన్నాడు పాపం. గుర్తుందని అతని ముఖం చూస్తే తెలిసింది. మా పెద్దక్కను అయిదో తరగతితో మానిపించి పదహారేళ్లకే పెళ్లి చేశారు. అది కూడా ఆయన మర్చిపోలేదు, అక్కా మర్చిపోలేదు.

సాగర్ ఆనకట్టకు 1955లో నెహ్రూగారు పునాదిరాయి వేసినప్పుడు మా ఊళ్లో ఎవరూ నమ్మలేదట. 1967లో కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మా వైపు చేరినప్పుడు నాన్నగారు బడికి సెలవిచ్చి పిల్లలందరినీ నడిపించుకుని పోయి చూపించారు. నాకప్పుడు ఏడేళ్లు. అన్ని నీళ్లు ఒక్కచోట చూడటం అదే మొదలు. జొన్నచేలు పోయి వరిమళ్లు వచ్చాయి, ఊరు మారింది. మాకున్నది అరవై సెంట్లే గనుక మా ఇల్లు అంతగా మారలేదు.

ఇక ఆ సంగతికి వస్తాను.

బడిలో అడ్మిషను రిజిస్టరు నాన్నగారే వ్రాసేవారు. అందులో మతం, కులం అని గళ్లుంటాయి. ఊళ్లో మిగతా తల్లిదండ్రులు ఏమి చెబితే అది వ్రాసేవారు. ఆదివారం ముందు వరుసలో కూర్చునే కుటుంబం కూడా "హిందూ అని వేయండి పంతులుగారూ" అంటే, తల ఎత్తకుండా అలాగే వ్రాసేవారు. ఎందుకో మనవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన మనవాళ్లకు లేదు. మన రాష్ట్రంలో మనల్ని బి.సి.లలో 'సి' గ్రూపు అని వేరుగా పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. సొంత పిల్లలు అయిదుగురి పేర్లకు ఎదురుగా మాత్రం నాన్నగారు "క్రైస్తవ" అని వ్రాశారు. 1959లో అన్నయ్యను చేర్చినప్పుడు ఉద్యోగాల ఆలోచన కూడా లేదు ఆయనకు. మనమేమిటో అది వ్రాశారు, అంతే.

అన్నయ్య బాగా చదివాడు. బి.కాం. మొదటి తరగతి. 1978లో ఒక బ్యాంకు ఉద్యోగానికి పరీక్ష వ్రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు. మా పక్కింటి అబ్బాయి కూడా వెళ్లాడు. ఇద్దరూ ఒకే సండే స్కూల్లో పెరిగినవాళ్లే, ఒకేరోజు సంస్కారపు బల్లలో చేరినవాళ్లే. అతనికి సర్టిఫికెట్ ఉంది, అన్నయ్యకు లేదు. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో ఒక గుమాస్తా చెప్పాడట: "మొదటి బడి రిజిస్టరు నకల్లో హిందూ అని ఉంటే తెండి, మిగతాది మేం చూసుకుంటాం." ఆ రిజిస్టరు మా ఇంట్లో, నాన్నగారి బల్ల సొరుగులో ఉంది.

ఆ రాత్రి నాకు పద్దెనిమిదేళ్లు. గోడ పక్కన పడుకుని అంతా విన్నాను.

"ఒక్క మాట నాన్నా. ఒక్క మాట దిద్దితే చాలు" అన్నాడు అన్నయ్య.

నాన్నగారు మాట్లాడలేదు.

"టీ కొట్టులో మనకు వేరే గ్లాసు పెట్టినవాడు నువ్వు ఏ గుడికి పోతావని అడిగి పెట్టాడా? మనం క్రైస్తవులమని ఊళ్లో ఎవరైనా బావి దగ్గర జరిగి చోటిచ్చారా? వాళ్ల లెక్కలో మనం మారలేదు. సర్కారు లెక్కలో మాత్రమే మారాం. ఇదెక్కడి న్యాయం?"

అమ్మ కూడా అంది: "వ్రాసెయ్యండి. దేవుడు సిరాబుడ్డి వంక చూడడు, బిడ్డ వంక చూస్తాడు."

నాన్నగారు రిజిస్టరు తీశారు. ఆ పేజీ తెరిచి కలం సిరాలో ముంచారు. లాంతరు మసిబారేదాకా అలాగే కూర్చున్నారు. చివరకు కలం తుడిచి పెట్టేసి, "నావల్ల కాలేదురా" అన్నారు.

"ఊరందరి పిల్లలకూ వ్రాశావుగా?"

"వాళ్ల పేరు, వాళ్ల ఇష్టం. ఇది నా పేరురా."

తెల్లవారకముందే అన్నయ్య వెళ్లిపోయాడు. హైదరాబాదులో ఒక కంపెనీలో లెక్కలు వ్రాసే పనిలో కుదిరాడు. పదకొండేళ్లు నాన్నగారితో మాట్లాడలేదు. పెళ్లి కూడా అక్కడే చేసుకున్నాడు. అమ్మకు కావలసిన కబుర్లు నా పేర ఉత్తరం వ్రాసేవాడు. నాన్నగారు మాత్రం నెలకొక పోస్టుకార్డు వేసేవారు. అందులో ఏముండేది? వాన పడిందనో, ఆవు ఈనిందనో, కోత పండుగకు ఇంత కానుక వచ్చిందనో. జవాబు వచ్చేది కాదు. మళ్లీ నెల తిరిగేసరికి కార్డు కొనుక్కొచ్చేవారు. ఆ కార్డులు అన్నయ్య చించలేదని, వచ్చినది వచ్చినట్టు చదివి ట్రంకుపెట్టెలో వేసేవాడని చాలాకాలానికి వదిన చెప్పింది.

1989లో అమ్మ పోయింది. అన్నయ్య వచ్చాడు. సమాధుల దొడ్డిలో తండ్రీ కొడుకులు పక్కపక్కనే నిలబడ్డారు, మాట లేదు. ఆ రాత్రి నాన్నగారు కంచం ముందు కూర్చుని అన్నం కలపలేక చేయి అలాగే పెట్టుకుని ఉన్నారు. అన్నయ్య వచ్చి కంచం దగ్గరకు లాక్కుని అన్నం కలిపి, "రెండు ముద్దలు తిను నాన్నా" అన్నాడు. నాన్నగారు తిన్నారు. మేమెవరం ఏమీ అనలేదు.

ఇక్కడితో అంతా సర్దుకుందని వ్రాస్తే పాఠకులకు సంతోషంగా ఉంటుంది. కాని అన్నయ్య నాతో అన్న మాట వేరు: "క్షమించానని నువ్వు ఎవరితోనూ అనకు. నేను అడిగింది తప్పని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఆయన చేసింది తప్పని కూడా అనలేకపోతున్నాను, అదే నా బాధ."

2003లో మా అబ్బాయి కాలేజీలో చేరేటప్పుడు అదే గడి మా ముందుకు వచ్చింది. నేనూ మావారూ రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి ఊరు వెళ్లి నాన్నగారిని అడిగాను. ఆయనకు అప్పుడు డెబ్బై తొమ్మిది. గట్టిగా మందలిస్తారనుకున్నాను. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి అన్నారు: "అమ్మా, నేను మీ అన్నకు చెప్పిన జవాబు సరైనదో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ప్రతిరోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. అది భక్తో, నా పట్టుదలో తేలలేదు. ఆ రాత్రి నా చేయి సాగలేదు, అంతవరకే తెలుసు. నీ కలం నీది. నువ్వు ఏది వ్రాసినా నా మనుమణ్ణి నేను ఒకలాగే చూస్తాను."

మేము ఏమి వ్రాశామో ఇక్కడ చెప్పను. మన సంఘాలలో ఇంటింటికీ ఈ రాత్రి వచ్చే ఉంటుంది. ఏది వ్రాసినవారైనా రెండోవారిని వేలెత్తి చూపటం నాకు ఇష్టం లేదు. నాన్నగారు చూపలేదు. ఈ అన్యాయం గురించి 2004 నుండి సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అన్నయ్య ఆ వార్తలన్నీ పేపర్లోంచి కత్తిరించి పెట్టుకుంటాడు. "నాకు కాదు, ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అంటాడు.

చివరి సంవత్సరాలలో నాన్నగారికి కళ్లు తగ్గాయి. శుక్లాల ఆపరేషను అయ్యాక పెద్దక్షరాల బైబిలు చదివేవారు. 23వ కీర్తన చూడకుండానే చెప్పేవారు, అయినా గ్రంథం ఒళ్లో తెరిచి పెట్టుకుంటే గాని తృప్తి ఉండేది కాదు. పంచదార తినకూడదని డాక్టరు చెప్పినా, మునిమనుమల చేత బెల్లం ముక్క తెప్పించుకుని, "మీ అత్తకు చెప్పకండిరా" అనేవారు. ఆ పిల్లలకు ఫోన్లలో అక్షరాలు వస్తాయి, నాన్నగారు మాత్రం పలక కొనిపించారు. 'ళ' తోక పైకి తిప్పటం వాళ్లకూ నేర్పారు.

సంక్రాంతి వెళ్లిన వారానికి, ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి పడుకుని, ఆ రాత్రే వెళ్లిపోయారు. మరునాడు భూస్థాపనకు ఊరంతా వచ్చింది. వరండాలో నిలబడి చదువు మొదలుపెట్టిన పిల్లల్లో ఒకాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయనకూ డెబ్బై అయిదేళ్లు దాటాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుడిలో పెట్టె దగ్గరగా, పిల్లలు కూర్చునే చాపమీద కూర్చున్నాడు. "పంతులుగారు ఆ రోజు గట్టిగా చెప్పి ఉంటే నేను వరండాలోనే ఉండిపోయేవాణ్ణమ్మా" అని నాతో అన్నాడు.

మా ఇంటి బైబిలు మొదటి పుటలో నాన్నగారు కుటుంబమంతటి తేదీలు వ్రాసి ఉంచారు. తాతయ్య, నానమ్మల నిద్ర, తన పుట్టుక, పెళ్లి, మా అయిదుగురి పుట్టుకలు, బాప్తిస్మములు, పుట్టిన మూడోరోజే పోయిన ఒక తమ్ముడు, అమ్మ. తన పేరుకు ఎదురుగా పుట్టిన తేదీ వ్రాసి, పక్కన గీత గీసి ఖాళీ ఉంచుకున్నారు. భూస్థాపన నాటి రాత్రి ఆ ఖాళీ నింపాలి. పెద్దకొడుకు గనుక అన్నయ్యకే ఇచ్చాం. "నేనా?" అన్నాడు. కాసేపు ఆ పుట చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో కలం దొరక్క, మనుమడి స్కూలు సంచిలోంచి బాల్‌పెన్ను తీసి ఇచ్చాను. అన్నయ్య తేదీ వేసి, దాని పక్కన చిన్నగా "93 ఏళ్ల యేట" అని వ్రాశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు గనుక చూశాడో లేదో గాని, ఆ 'ళ' తోక నాన్నగారిది తిరిగినట్టే పైకి తిరిగింది.